ఒకే దిక్కున రుద్దే రమాది

“మా సుమకి అసలు మాటలే రావేమో!”

ఉమామహేశ్ ఈ మాట అన్నది డాక్టరుతో కాదు. డాక్టరు రెండేళ్ళ పాప చెవులు పరీక్షించి, అంతా బాగానే ఉంది, కొన్నాళ్ళు చూద్దామని ఎప్పుడో చెప్పేశాడు. అన్నది కలకత్తా సాల్ట్ లేక్‌లోని ప్రయోగశాలలో, పై అధికారి రమాకుమారితో, చేతిలో మఖమల్ గుడ్డ పట్టుకుని. ఆవిడ అతని మొహం చూడలేదు. గుడ్డ చూసింది.

“ముందు అది తిన్నగా పట్టు. అటూ ఇటూ రుద్దేవంటే ఊరుకోను!”

రమాకుమారి గురించి ముందుగా తెలియవలసింది ఇదే. ఈ లోకంలో దేన్నైనా ఒకే దిక్కున రుద్దాలి. గుడ్డ వెనక్కి రాకూడదు. వస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది.

పని దగ్గర అది న్యాయమే. అక్కడ ద్రవస్ఫటికాలతో, అంటే లిక్విడ్ క్రిస్టల్స్‌తో, వెలుతురుని ఆపుతూ వదులుతూ ఉండే పలకలు తయారుచేస్తారు. గాజు మీద పలచగా పాలిమర్ పూత వేసి, మఖమల్‌తో ఒకే వైపు రుద్దుతారు. దానిమీద ద్రవస్ఫటికం నింపితే, పూతని ఆనుకున్న అణువులు రుద్దిన దిక్కునే వరసగా పడుకుంటాయి. వాటిని చూసి పక్కవి, వాటిని చూసి ఆ పక్కవి. గుడ్డ ఎక్కడ వంకరపోతే అక్కడ అణువులు దారి తప్పి, నల్లగా ఉండాల్సిన చోట వెలుతురు మరకలు కడుతుంది.

అయితే ఆవిడ ఈ న్యాయాన్ని గాజు దగ్గర ఆపలేదు. క్యాంటీన్‌లో గోవిందరాజు బల్ల గుండ్రంగా తుడిచినందుకు గుడ్డ లాక్కుంది. “బల్లనేటయ్యా అలా గిరగిరా తిప్పేస్తన్నావు?” ఒకసారి వానలో టాక్సీ ఎక్కి, వైపర్ చూసి మండిపడింది.

“ఏటి దాదా ఇది? తుడిచిందే మళ్ళీ వెనక్కి తుడుస్తంది!”

“దిది, ఓటా తో వైపర్!” అది వైపరే కదక్కా అని డ్రైవరు మొత్తుకున్నాడు.

“అయితే? దానికి బుద్ధి చెప్పేవాళ్ళు లేరా?”

సగం దారిలో దిగిపోయి, నిండా తడుస్తూ, న్యాయం తనవైపే ఉందన్న ధీమాతో నడిచి వచ్చింది. హౌరా పక్క సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. కోపం వస్తే తెలుగూ బెంగాలీ హిందీ కలిసి పరుగెత్తుకొస్తాయి. బెంగాలీ పద్ధతిలో అందరికీ రమాది, అంటే రమక్క. కొత్తగా వచ్చిన ఉమామహేశ్‌కి మాత్రం మేడమ్.

రుద్దే గదిలో ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుంది. చెయ్యి తప్పినవాడు ఆ రోజుకి మళ్ళీ గుడ్డ ముట్టుకోకూడదు. సంచీ సర్దుకుని ఇంటికి పోవాలి. వానలు మొదలైనప్పటినుంచీ ఈ శిక్ష ఉమామహేశ్‌కే పడుతోంది, అదీ రోజూ నాలుగింటికే.

“వంకర!”

“పలక చూడకుండానే ఎలా చెప్తున్నారు మేడమ్?”

“నీ మోచెయ్యి చెప్పింది. పో!”

మొదట్లో ఒక తప్పు చేసిన మాట నిజమే. రుద్దిన పలక మీద నలుసు కనబడితే, పాప మూతి తుడిచే అలవాటులో జేబురుమాలుతో అడ్డంగా తుడిచేశాడు. “పలకేటి పాలు తాగిందా, మూతి తుడవడానికి?” అని ఆవిడ వేసిన కేక కింది అంతస్తుదాకా వెళ్ళింది. కానీ ఆ ఒక్కదానికి రోజూ గెంటేస్తారా? భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన మనిషిని, బడిపిల్లాడిలా?

ఆ ఉక్రోషంతోనే క్రెష్‌కి వెళ్ళి పాపని ఎత్తుకునేవాడు. భార్య రోజారాణి ఆఫీసునుంచి వచ్చేదాకా పాపకి పరీక్షే. “సుమా, అదేంటి? బస్సు! అను, బస్సు! ఇదేంటి? కాకి! చెప్పమ్మా, కాకి!” పాప అతని నోటిలోకి ఒకసారి చూసి మొహం తిప్పేసుకునేది.

ఒక మధ్యాహ్నం, పలకలు పరీక్షించే లలిత్ ఒకదాన్ని రెండు పోలరైజర్ల మధ్య, అంటే వెలుతురుని వడగట్టే పలకల మధ్య, పెట్టి చూస్తున్నాడు. అంచునుంచి అంచుదాకా కాటుక నలుపు. ఒక్క మరక లేదు.

“ఎవరిది లలిత్?”

“నీదే దాదా, నిన్నటిది. మొన్నటిదీ ఇంతే. రమాది నీ పలకలే ముందు వాడమంటాది.”

ఉమామహేశ్ గదిలోకి విసురుగా వెళ్ళాడు. “నా పలకలు వంకరన్నారు! అబద్ధం!”

ఆవిడ తడబడింది. తడబడినందుకు ఇంకా కోపం వచ్చింది.

“అబద్ధమే! అయితే ఏటి? క్రెష్ ఐదింటికి మూసేస్తారు, నువ్వు ఆరున్నరకి పోయేవాడివి. పాప ఒక్కర్తీ గేటు దగ్గర కూకుందని ఆ ఆయా ఫోన్లో అరిస్తే ఈ గదంతా వినబడేది. పెందలాడే పొమ్మంటే పోతావా? ‘పనుంది మేడమ్, పనుంది మేడమ్!’ అందుకే ఆచారం వాడేను. పైవాళ్ళు అడిగితే, చెయ్యి తప్పినోణ్ణి గెంటేశానన్నాను. ఎవడూ నోరెత్తలేదు.”

ఉమామహేశ్ దగ్గర కోపం ఇంకా బోలెడుంది. ఎవరిమీద పెట్టాలో మాత్రం తెలియలేదు.

“అయినా పాప మాట్లాడటం లేదు మేడమ్.”

“పెందలాడే తీసుకొచ్చి ఏటి చేస్తన్నావు దాన్ని?”

చెప్పాడు. బస్సు, కాకి, అను, చెప్పు.

“అది ఇల్లా, పోలీసు స్టేషనా? దాన్ని ఏటీ అడక్కు నాన్నా. నీకు తోచిందల్లా నువ్వే వాగు.”

ఆ సాయంత్రంనుంచీ వాగాడు. ఆటోలో వాన గురించి, వంకాయల గురించి, ద్రవస్ఫటికాల గురించి. పక్కన కూర్చున్నవాళ్ళు జరిగి కూర్చున్నారు. దుర్గాపూజ సెలవులు దగ్గరపడుతుండగా ఒకరోజు, సుమ అతని నోటిమీద అరచెయ్యి వేసి, క్రెష్‌లో విన్న మాటొకటి స్పష్టంగా అంది.

మర్నాడు పరుగున వచ్చాడు. “మేడమ్! మొదటి మాట! ‘చుప్’ అంది!”

రమాది గుడ్డ పక్కన పెట్టి, కళ్ళెర్రజేసి చూసింది.

“అంటే మాత్రం ఆపేసేవా ఏటి? వాగుతూనే ఉండు!”

ఉమామహేశ్ ఆపలేదు.