మనిషెవరు బాబాయి

పూల ప్రదర్శన గురించి వార్త రాయమంటే తోటమాలి మోకాలినొప్పి గురించి రాసి, తేదీ మర్చిపోయాడని పత్రికవాళ్ళు బాబాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ రోజు ప్రదర్శనలో పూలు తప్ప ఎవరూ లేరు. తోటమాలి ఇంట్లో మాత్రం పరామర్శకొచ్చిన వాళ్ళకి కుర్చీలు చాల్లేదు.

అప్పట్నుంచీ ఊళ్ళో సభలకీ పోటీలకీ ప్రచారం రాసిపెట్టడమే ఆయన పని. ఎవరొచ్చి అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: “ఇందులో మనిషెవరు?” ఆ ప్రశ్నే ఆయన పేరైపోయింది. కుక్కల పోటీకి, కుక్కలకి స్నానం చేయించే ఆవిడ కథ రాశాడు. గెలిచిన కుక్క ఎవరికీ గుర్తులేదు గానీ ఆవిడకి రెండు పెళ్ళి సంబంధాలొచ్చాయి. రక్తదానానికి, సూది చూడగానే కళ్ళు తిరిగి పడిపోతూ కూడా ఏటా వచ్చే పోస్ట్‌మన్ కథ రాశాడు. పడిపోతే పట్టుకుందామని వచ్చిన నలభైమందీ ఉత్తచేతులతో నిలబడలేక రక్తమిచ్చి వెళ్ళారు.

ప్రతి గురువారం ఆయన తెచ్చే నాలుగు పేజీల్ని పత్రికలో కుర్ర సబ్‌ఎడిటర్ రెండు వాక్యాలకి కోసేవాడు. అతను చదివిన పుస్తకాల్లో మంచివాళ్ళెవర్నీ అతనికి నమ్మబుద్ధి కాలేదు. బాబాయి రాతల్లో చెడ్డవాడన్నవాడే ఉండడు. అదీ అతని మంట.

ఆ వారం పాత కుట్టుమిషన్ల ప్రదర్శన. బాబాయి కాగితాల నిండా మిషన్లు బాగుచేసే మెకానిక్కే. ముప్ఫై ఏళ్ళనాటి కొట్టు, పని రాక నెలాఖరుకి మూసేస్తున్నాడట. కొట్టు ఏ సందులో ఉంది, తలుపు ఏ రంగు, ఎన్నింటికి తీస్తాడు, అన్నీ ఉన్నాయి. ప్రదర్శన ఎప్పుడో లేదు.

సబ్‌ఎడిటర్ ఫోన్ చేస్తే నిర్వాహకులు ఎత్తలేదు. రావలసిన వ్యాపార ప్రకటన ఒకటి రాక అరపేజీ ఖాళీ. అచ్చువాళ్ళు తొందరపెడుతున్నారు. పళ్ళు కొరుక్కుంటూ మొత్తం వేసేశాడు.

సోమవారం ప్రదర్శన కార్యదర్శి వచ్చి తిట్టిపోశాడు. హాల్లోకి ఆరుగురొచ్చారట, అందులో ఇద్దరు వానకి తలదాచుకోవడానికి. బాబాయి నిర్వాకం కళ్ళారా చూద్దామని సబ్‌ఎడిటర్ మెకానిక్ సందులోకి వెళ్ళాడు. మిషన్లు చంకనెత్తుకుని, రిక్షాల్లో వేసుకుని జనం బారులు తీరి ఉన్నారు. కొట్టు మూసేస్తున్నారటగా అని అడిగితే మెకానిక్ విసుక్కున్నాడు.

“ఇన్ని మిషన్లు పెట్టుకుని ఎలా మూస్తానండీ? మీది వారం పడుతుంది, ముందే చెబుతున్నా.”

బాబాయి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్ళకి వరస నంబర్లు రాసిస్తున్నాడు. ఆ నెలలోనే ఆయన కూతురుండే ఊరికి మకాం మార్చేశాడు కాబట్టి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే ఆఖరు.

“నిజం చెప్పు బాబాయ్. తేదీ కావాలనే ఎగ్గొట్టావు కదూ? అక్కడ హాలు ఖాళీ.”

బాబాయి ఇంకో చీటీ చింపి అతని చేతిలో పెట్టాడు.

“హాల్లో ఉన్నవి మిషన్లేగా నాయనా. ఎవరూ రాలేదని అలగవు.”