రణ్‌కు పోయే బండిలో ఫ్రిజ్

మా ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్లూ సర్కారు బడిలో భూగోళం చెప్పింది. కచ్ రణ్ ఎలా ఉంటుందో ఎన్ని తరగతుల పిల్లలకు నల్లబల్ల మీద గీసి చూపించిందో లెక్కలేదు. వానాకాలంలో నీరు, నీరు ఎండాక ఉప్పు, కనుచూపు మేరా తెలుపు అని చెప్పేది. ఆ తెలుపును ఆమె మాత్రం చూడలేదు. రెండుసార్లు రైలు టికెట్లు తీసుకున్నాం, రెండుసార్లూ రద్దు చేసుకున్నాం.

కారణం ఇన్సులిన్. ఆమె రోజూ సూది వేసుకోవాలి. ఒక ఎండాకాలం బంధువుల పెళ్లికి వెళ్తూ మందును మంచుముక్కల థర్మాస్‌లో పెట్టుకున్నాం. దారిలో మంచు కరిగింది, నీళ్లు వేడెక్కాయి, మందు పాడైంది. పాడైన సంగతి చూపుకు తెలియదు. ఆమె దాన్నే వేసుకుంది. పెళ్లిపందిట్లోంచి దవాఖానకు తీసుకుపోవలసి వచ్చింది. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను కొన్నాళ్లు మామూలు గదిలో ఉన్నా ఫరవాలేదని డాక్టరు చెప్పారు. కానీ ఎండలో ఆపిన బండి గది కాదుగదా. అప్పటినుంచి ఆమె ఒక పూట దాటే ప్రయాణమేదీ ఒప్పుకోలేదు.

కిందటేడు మా అమ్మాయి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నది. సెలవు దొరికితే చాలు, గుట్టలూ వాగులూ వెతుక్కుంటూ పోతుంది. ఒక ఆదివారం భోజనాల దగ్గర తల్లితో అంది:

"అమ్మా, డిసెంబర్ల రణ్‌కు పోదాం. బండిల్నే ఫ్రిజ్ వెడత. నీ మందు అండ్ల వెట్టుకో."

"మందు మంచిగుంటదని నాకు నమ్మకం కుదిరితె వస్త. లేకుంటె మీరు తండ్రీబిడ్డలు పోయి, నాకు ఇంత ఉప్పు వట్టుకరాండ్రి."

"బాపూ, విన్నవు గద? ఫ్రిజ్ ఏది మంచిదో, బ్యాటరీ ఏది గావాల్నో నువ్వే చూడు. ఊకె కూసుంటున్నవు."

నేను నాంపల్లి కోర్టులో రికార్డు గది చూసి రిటైరైనవాణ్ని. ఏ కాగితం ఏ కట్టలో ఉండాలో ఆ కట్టలో ఉంటే తప్ప నాకు నిద్రపట్టదు. అందుకని ఈ పని కూడా అంతే అనుకున్నాను. నాలుగు దుకాణాలు తిరగాలి, నాలుగు మాటలు రాసుకోవాలి, సరైనది తేల్చాలి. ఆ వారాల డైరీ ఇప్పుడు తిరగేస్తే నేను రాసింది నాకే అర్థం కావడం లేదు. ఒక రోజు రాసినదాన్ని మరుసటి రోజు కొట్టేశాను. ఆ మరుసటి రోజు కొట్టివేతను కొట్టేశాను.

మొదట అబిడ్స్ వెళ్లాను. పెద్ద పోస్టాఫీసుకు ఇవతల సందులో కారు సామాన్ల దుకాణం ఉంది. యజమాని నడివయసువాడు, మాటకారి.

"చెప్పుండ్రి అంకుల్. ఎన్ని బీర్లు వెడతరు?"

"బీర్లు కాదు."

"కూల్ డ్రింకులా?"

"ఇన్సులిన్."

అతను గల్లా దగ్గరనుంచి లేచి ఇవతలికి వచ్చాడు. రెండు పెట్టెలు చూపించాడు. ఒకటి తేలిక, లోపల చిన్న ఫ్యాను తప్ప ఏమీ లేదు. రెండోది కంప్రెసర్ ఉన్నది, బరువు. తేలికదాని సంగతి అడిగాను.

"బయట నలభై ఉంటె లోపట ఇరవై అయితది అంకుల్."

"బయట ఇరవై ఉంటే?"

"ఇంక మస్తు సల్లగైతది."

"అంటే చల్లదనం అవసరమైనప్పుడు తక్కువ, అవసరం లేనప్పుడు ఎక్కువ ఇస్తుందన్నమాట."

అతను కొంచెం ఆలోచించాడు. "గట్ల ఇప్పటిదాంక ఎవ్వరు అడగలే," అన్నాడు.

రెండోదాని మీద చెయ్యివేసి, "గిది దీసుకోండ్రి. మైనస్ ఇరవై దాంక పోతది. రాయి లెక్క గడతది," అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. డైరీలో కూడా రాసుకున్నాను.

ఇక కరెంటు లెక్క. పెట్టె వెనక అంటించిన చీటీ మీద వాట్లు రాసి ఉన్నాయి. రోజుకున్న గంటలతో హెచ్చవేసి చూపించాను. వచ్చిన సంఖ్య చూస్తే బండిలో బ్యాటరీ తప్ప మనుషులకు చోటుండదు.

"గట్ల గాదు అంకుల్. అది ఆగాగి నడుస్తది."

"ఎంతసేపు ఆగుతుంది?"

"ఎండను వట్టి, మూత ఎన్నిసార్లు దీస్తరో దాన్ని వట్టి."

"సుమారుగానైనా?"

"మీరు మూత మస్తు సార్లు దీసేటట్టే కనవడుతున్నరు," అని నవ్వాడు.

అక్కడినుంచి నాంపల్లి స్టేషను పక్కనున్న బ్యాటరీల దుకాణానికి వచ్చాను. మా ఇంటి ఇన్వర్టరుకు బ్యాటరీ అక్కడే కొన్నాం. ఇన్వర్టరు బ్యాటరీ విషయంలో నాకు గర్వం ఉంది. నెలనెలా మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తాను, తుడుస్తాను. మా అంతస్తులో అందరికంటే ఎక్కువ కాలం నడిచింది మాదే. అందుకని నా ఆలోచన సూటిగా చెప్పాను. అలాంటిదే ఇంకొకటి బండి వెనక పెడితే సరిపోదా?

దుకాణం పెద్దాయన కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

"గంత పెద్దదా సాబ్? బండి గుంతల వడ్డప్పుడల్ల యాసిడ్ చిందుతది. మేడం కూసునేది యాడ?"

"వెనక సీటులో."

"మరి ఆమెకు జెప్పిన్రా?"

తర్వాత ఓపికగానే వివరించాడు. బండికి ఉన్న బ్యాటరీ ఇంజను లేపడానికి. రాత్రంతా ఫ్రిజ్ దాన్ని తాగేస్తే పొద్దున బండి లేవదు. కాబట్టి ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ ఉండాలి. ఇంజను నడుస్తున్నంతసేపే దానికి చార్జి ఎక్కేలా మధ్యలో ఒక డబ్బా బిగించాలి. ఆ రెండో బ్యాటరీ లిథియందైతే తేలిక. అంతవరకు అర్థమైంది. ఇంతలో పక్కన టైరు మీద కూర్చున్న టాక్సీ యజమాని అందుకున్నాడు.

"రెండోది ఎందుకు సార్? నా బండిల ఒక్కదాని మీదనే టీవీ నడుస్తది, ఫ్యాన్ నడుస్తది."

"మొన్న బండిని నూకింది ఎవరు మరి? నేనే గద!" అన్నాడు పెద్దాయన.

"అది చలికి ఆగింది చాచా."

"హైదరబాద్‌ల చలా?"

వాళ్లిద్దరూ తగువులో పడ్డారు. నేను ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత గందరగోళం పెరిగిందే గాని తగ్గలేదు. ఒకరు ఆంపియర్ అవర్లలో చెబుతారు, ఇంకొకరు వాట్ అవర్లలో చెబుతారు. ఒకే పప్పును ఒక కొట్లో సేర్లలో, ఇంకో కొట్లో కిలోల్లో అమ్ముతున్నట్టుండేది. అమ్మాయి ఫోనుకు వీడియోలు పంపింది. ఎక్కడో ఎర్రమట్టి ఎడారుల్లో తిరిగే మగవాళ్లు బండి వెనక తలుపు తెరిచి తీగలు చూపించి మురిసిపోతున్నారు. ఒకాయన సూర్యరశ్మి పలకలే దిక్కు అన్నాడు. మరొకాయన వాటిని నమ్ముకుంటే మునిగినట్టే అన్నాడు. వాళ్ల ఫ్రిజ్‌లలో మాంసం ఉంది, చేపలు ఉన్నాయి. ఇన్సులిన్ ఒక్కరి దగ్గరా లేదు.

చివరికి అమ్మాయికి విసుగొచ్చింది. అబిడ్స్ దుకాణంనుంచే ఆ కంప్రెసర్ పెట్టె, దాంతో పాటు చేత్తో మోసుకుపోయే లిథియం బ్యాటరీ పెట్టె ఒకటి తెచ్చి హాల్లో దించింది. గోడకున్న ప్లగ్గుతోనైనా, నడిచే బండిలోనైనా దానికి చార్జి పెట్టుకోవచ్చు. "ఇది సరిపోతదో లేదో ఇంట్లనే చూద్దాం. సరిపోకుంటె రెండో బ్యాటరీ బిగిస్త," అంది.

మా గల్లీలో ఒక రివాజు ఉంది. ఎవరింట్లో కొత్త ఫ్రిజ్ దిగినా మొదట అందులో మంచు కట్టిస్తారు. ఎంత తొందరగా, ఎంత గట్టిగా కడితే ఫ్రిజ్ అంత మంచిది. ఆ మంచు గిన్నెల్లో వేసి ఇరుగుపొరుగులకు పంపుతారు, వాళ్లు దాన్ని తట్టి చూసి మెచ్చుకుంటారు. మా ఇంటికి మొదటి ఫ్రిజ్ వచ్చినప్పుడూ అంతే, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మార్చినప్పుడూ అంతే. ఇప్పుడూ అదే చేశాం. నేను స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి లోపల వరుసగా పెట్టాను. అమ్మాయి పెట్టెను బ్యాటరీకి తగిలించి, మీట నొక్కి నొక్కి డిగ్రీల అంకెను అడుగుకంటా దింపింది. మా ఆవిడ తన ఇన్సులిన్ పెన్ను ఒకటి తెచ్చి, "పడతదో లేదో ఇదొక్కటి వెట్టి చూడుండ్రి," అంది. అది గ్లాసుల మధ్య చక్కగా పట్టింది. ముగ్గురం సంతోషించాం.

పొద్దున మూత తీశాం. గ్లాసులు రాళ్లలా ఉన్నాయి. బ్యాటరీలో సగానికి పైగా మిగిలే ఉంది.

"బాపూ, బ్యాటరీ గెలిచింది!" అంది అమ్మాయి.

నేను పై ఫ్లాటు వాళ్లకు పంపడానికి గిన్నె వెతుకుతున్నాను. మా ఆవిడ పెన్ను తీసి కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. ఊపింది. మందు కదల్లేదు.

"ఇది పోయింది," అంది.

"కరిగితే బాగుపడదా?" అన్నాను.

"కరిగినంక ఎట్ల కనవడతదో ఎర్కేనా మీకు? మంచిగనే కనవడతది. పెండ్లిల గూడ మంచిగనే కనవడ్డది." పెన్ను బల్ల మీద పెట్టింది. "నేను సల్లగుండాలన్న. గడ్డగట్టాలని ఎవ్వరితోనన్న అన్ననా? నేను రాను. మీరు పోండ్రి."

మందు అట్టపెట్టె మీద రెండు నుంచి ఎనిమిది డిగ్రీలని అచ్చువేసి ఉంది. ఆ అట్టపెట్టె మా ఫ్రిజ్‌లో ఏళ్లుగా ఉంది. నేను వేడి లోపలికి రాకుండా చూడటమెలా అని ఊరంతా అడిగాను. చలి హద్దు దాటకుండా ఉండాలని నాకు తట్టలేదు. అమ్మాయికీ తట్టలేదు. ఆ సంగతి బాగా తెలిసిన మా ఆవిడకు కూడా, కొత్త ఫ్రిజ్ ముందు నిలబడ్డ ఆ ఒక్క పూట, తట్టలేదు. మంచు ఎవరికీ పంపలేదు. స్నానాలగదిలో పారబోశాం.

కొన్నాళ్లు ఇంట్లో రణ్ మాట ఎవరూ ఎత్తలేదు. పెట్టె హాల్లో మూలన ఉంది. దాని మీద పేపర్లు పేరుకున్నాయి. సెలవు రద్దు చేసుకోనా అని అమ్మాయి నన్ను చాటుగా అడిగింది. మా ఆవిడను బతిమాలితే వస్తుందేమో. కానీ భయంతో వచ్చిన మనిషికి ఆ ఉప్పు ఏం కనబడుతుంది?

ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి పేపర్లు కింద ఉన్నాయి, పెట్టె బ్యాటరీతో సహా ఎండ పడే బాల్కనీలో ఉంది. మా ఆవిడ అబిడ్స్‌లో బడులకు ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లి రెండు థర్మామీటర్లు తెచ్చుకుంది. అంకెను ఐదు దగ్గర పెట్టింది. ఒక థర్మామీటరు అడుగున గోడకు ఆనించింది, ఇంకొకటి పై జాలీ బుట్టలో పెట్టింది. వచ్చీపోయీ చూస్తోంది.

నేనూ చూశాను. పెట్టె మీద ఐదు. అడుగున రెండుకు తక్కువ. పైన ఆరు.

"ఇందులో ఏది నిజం?" అన్నాను.

"మూడు నిజమే. ఒక్క ఊర్ల ఎండా నీడా ఉండవా?"

ఆమె ఒకప్పుడు బడికి పట్టుకెళ్లిన టిఫిన్ డబ్బా తీసి, లోపల మెత్తటి గుడ్డ పరిచి, మందుకు బదులు నీళ్లు నింపిన చిన్న సీసా పెట్టి, పక్కన థర్మామీటరు ఉంచి మూతపెట్టింది. డబ్బాను పై బుట్టలో ఉంచింది. మర్నాడూ, ఆ మర్నాడూ అందులో పాదరసం ఐదుకూ ఏడుకూ మధ్యనే ఉంది. ఆమె మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. అమ్మాయి ఆఫీసునుంచి రాగానే ముందు కూర్చోబెట్టుకుంది.

"రాత్రిల్ల యాడ ఆగుతం?"

అమ్మాయి ఊళ్లు చెబుతుంటే ఆమె పాత అలవాటు ప్రకారం గీత తప్పకుండా పటం గీసింది. మహారాష్ట్ర, గుజరాత్, కచ్. హోటలున్న ఊరి దగ్గర చిన్న చుక్క పెట్టింది. అక్కడ గోడకు ప్లగ్గు ఉంటుంది, బ్యాటరీతో పనిలేదు. పగలు బండి నడుస్తుంది, అప్పుడూ ఫికర్ లేదు. ఉప్పు పక్కన మేం దిగబోయే గుడారాలకు వచ్చేసరికి పెన్సిలు ఆగింది.

"గుడారంల కరెంటు ఉంటదా?"

"ఉంటదన్నరు."

"అన్నరంటె లేదనుకుందాం. గీ ఒక్కరాత్రి బ్యాటరీ ఆగితె సాలు. బాల్కనీల అది రెండు దినాలు ఆగింది. రెండో బ్యాటరీ ఎందుకే నీకు?"

అమ్మాయి మొహం చిన్నబోయింది. బండిలో తీగలు బిగించుకోవాలని దానికి చాలా ఉబలాటంగా ఉండేది.

"మరి భోజనానికి ఆగినప్పుడు?" అన్నాను. "దారిలో బండి చెడిపోతే? గుడారం దగ్గర పగలంతా బండి నిలబడే ఉంటుంది గదా? అప్పుడు ఆంపియర్ అవర్లలో చూసుకుంటే..."

"మీరు జర ఊకోండ్రి," అంది మా ఆవిడ. కోపంగా అనలేదు.

వస్తానని మాత్రం ఆమె నోటితో అనలేదు. మేమూ అడగలేదు. బయల్దేరే ముందురోజు సాయంత్రం పెట్టెను హాల్లో ప్లగ్గుకు పెట్టాం. బ్యాటరీ మీద పచ్చదీపం వెలుగుతోంది. వెలిగితే చార్జి ఎక్కుతున్నట్టా, ఎక్కడం పూర్తయినట్టా అని నేను పుస్తకంలో వెతుకుతున్నాను. మా ఆవిడ వంటింటి ఫ్రిజ్ తెరిచి, మందు అట్టపెట్టెలన్నీ కొంగులో వేసుకుని వచ్చింది. టిఫిన్ డబ్బాలో ఒక్కొక్కటే సర్దుతోంది.

అమ్మాయి తొంగిచూసింది. "అన్ని దీస్కపోతున్నవా అమ్మా? ఇంట్ల ఒక్కటన్న ఉంచవా?"

ఆమె డబ్బా మూత నొక్కి పెట్టింది.

"ఇంట్ల ఎవరుంటరే?"