నీడల దొంగ ఎవరో చెప్పకుండా పోయిన మేష్ట్రు

మా ఊరి మేష్ట్రు మొన్న శ్రావణంలో పోయారు. వార్త విని ఊరు ఏడ్చింది. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. ఏళ్ల తరబడి నన్ను దొంగల వరసలో నిలబెట్టి, దొంగ నేనో కాదో చెప్పకుండా వెళ్లిపోయిన మనిషి ఆయన. అలాంటి మనిషి గురించి మంచి మాటలు రాయమంటే చెయ్యి ఎలా వస్తుంది? అయినా రాస్తాను. మంచివారు కాబట్టే ఈ కోపం. చెడ్డవాడైతే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

మాది క్యాతగానచెర్లు పక్క పల్లె. ఆయన బడిలో పిల్లలకు పాఠాలు, ఎండాకాలం పెద్దలకు కథలు చెప్పేవారు. వానలకు ముందు విత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, ఒలవడం మాకు పెద్ద పని. మధ్యాహ్నం పూట ఎవరో ఒకరి వసారాలో ఆడా మగా చేరి ఒలుస్తాం. ఆ పని జరిగేటప్పుడే ఆయన కథ మొదలుపెట్టేవారు. ఊరికే కూర్చున్నవాళ్లు ఎంత బతిమాలినా నోరు విప్పేవారు కాదు. "చేతికి పనుంటేనే చెవి నిలకడగా ఉంటాది" అనేవారు. తానూ ఒలిచేవారు. కాయను చెవి దగ్గర ఆడించి, "ఇది పుచ్చు" అని పక్కన పడేసేవారు.

ఆయన చెప్పినవన్నీ అపరాధ పరిశోధన కథలే. అయితే టోపీ పెట్టుకున్న పట్నం డిటెక్టివు వాటిలో ఉండడు. ఒక కథలో ఆకాశం నుంచి దిగిన బోరు మిషను హత్య చేస్తుంది. ఇంకో కథలో సాక్షి మారెమ్మ తల్లే. పోలీసులు ఆమెను స్టేషనుకు ఎలా పిలవాలో తెలియక తలలు పట్టుకుంటారు. ఎన్ని వింతలు పెట్టినా ఆయనకు ఒక నియమం ఉండేది. "దయ్యముండొచ్చు, దేవతుండొచ్చు, మిషనుండొచ్చు. ఆధారం మాత్రం ముందే మీ ఒళ్లో పడేసుండాల. లేకుంటే అది కథ గాదు, మోసం." ఆ మాటకు ఆయన ఏనాడూ తప్పలేదు. అందుకే దొంగను అందరికంటే ముందు నేనే పట్టేవాణ్ణి.

మా పొలాల్లో సోలార్ ప్యానెళ్లు నాటుతున్న రోజుల్లో ఆయన కొత్త కథ ఎత్తుకున్నారు. అందులో మనుషుల నీడలు మాయమవుతుంటాయి. నీడ పోయినవాడు తన పొలం గట్టు తాను గుర్తుపట్టలేడు. పరిశోధించడానికి ఒక యంత్రం వస్తుంది. దాని లోపల చచ్చిపోయిన గొర్రెల కాపరి ఆత్మ ఉంటుంది. అది ఎండలో లెక్కలు కడుతుంది, చీకటి పడితే గొర్రెలను పిలుస్తుంది. ఒలవడం మరిచిపోయి విన్నాం.

ఒక మధ్యాహ్నం ఆ యంత్రం ఒకరిని అనుమానించింది. వాడు కుంటివాడు. ముక్కుపొడి పీలుస్తాడు. ఊర్లో అందరికంటే ముందు సోలార్ కంపెనీకి పొలం ఇచ్చినవాడు.

మా ఊర్లో ముందు సంతకం పెట్టింది నేనే. దాచను. వాన లేని చేనిని పట్టుకుని ఏడవడం కంటే అద్దె మేలనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను. నన్ను చూసే ఊరంతా ఇచ్చిందని వెనక గొణిగేవాళ్లు ఉన్నారు. ఆ గొణుగుడు ఆ రోజు కథలోకి ఎక్కింది.

వసారా గొల్లుమంది. ఎదురింటి కోడలు కాళ్లు ముడుచుకుని, "ఓ మామా, నా నీడ మింద కాలు పెట్టాకు. ఎత్తకపోతావు!" అంది.

"ఏంది మేష్ట్రూ, ఊర్లో ఇంకెవురూ దొరకలేదా నీకు? నా కుంటికాలే కావల్సొచ్చిందా?"

"కడదాకా ఇనన్నా. కడ ముందే చెప్తే ఇంకేముండాది?"

"నీ కడ నువ్వే పెట్టుకో" అని ఒళ్లో కాయలు దులిపి వచ్చేశాను. లేచి రావడం తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

మరునాటి నుంచి నా పేరు నీడల దొంగ. నేను వీధిలో పోతుంటే ఎదురింటి కోడలు విత్తనాల చాట మీద కొంగు కప్పేది. నా నీడ పడితే విత్తనం మొలవదట. మొదట నవ్వుతూ కప్పింది. తర్వాత నవ్వడం మానేసింది, కప్పడం మానలేదు.

ఆ యేటికి ఒలిచే పని ఆ మధ్యాహ్నంతోనే ముగిసింది. ఆ పైయేడు కల్లా ఊరి చేలన్నీ ప్యానెళ్ల కిందికి పోయాయి. విత్తేది లేదు కాబట్టి ఒలిచేది లేదు. కథ అక్కడే ఆగింది. టీ అంగడి దగ్గర ఎన్నిసార్లు నిలదీశానో. "చెనిక్కాయలు తే అన్నా, చెప్తా" అని నవ్వేవారు. నేనూ మొండివాణ్ణే. తేలేదు.

ఆయన మంచం పట్టాక చూడబోయాను. గొంతు సన్నబడిపోయింది. కుశలం అడగకుండానే, "దొంగ నేనేనా మేష్ట్రూ?" అన్నాను.

"ఆధారం చెప్పేసినానన్నా. నువ్వు లేచి ఎళ్లిపోయినాక, ఆ పొద్దే."

"అదేందో ఇప్పుడు చెప్పు."

"అడుగు వాళ్లను. విన్నోళ్లుండారు గదా" అని కళ్లు మూసుకున్నారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ పట్టుకు అర్థమేమిటో నాకు తెలియలేదు. దొంగ చేతిని పోలీసూ అలాగే పట్టుకుంటాడు, అన్న చేతిని తమ్ముడూ అలాగే పట్టుకుంటాడు.

అడిగాను. ఎదురింటి కోడలు ప్యానెళ్లు కడిగే పనికి పోతూ, "ఏమో మామా, ఆ తర్వాత కథలో ఏదో మేక వచ్చిందే" అంది. ఆమె మొగుడు మేక కాదు, వైరు తెగిందన్నాడు. మిగతావాళ్లు పనుల మీద ఏ ఊర్లకు పోయారో తెలియదు. అందుకే ఇది అచ్చు వేయిస్తున్నాను.

ఆయన నా మీద నేరం మోపారా, లేక ఊరు మోపిన నేరాన్ని నా మీద నుంచి దించబోయారా? ఆ ఒక్కటే నాకు కావాలి. ఆ మధ్యాహ్నం నేను లేచి వచ్చాక ఆ వసారాలో కూర్చున్నవాళ్లు ఎక్కడున్నా సరే, విన్నది విన్నట్టు చెప్పండి. నాకు నచ్చేలా మార్చి చెప్పొద్దు. మహాలయ అమావాస్యకు పెద్దలతో పాటు ఆయన పేరున కూడా ఒక విస్తరి వేయాలని ఉంది. ఆ రోజు మా ఇంట్లో అన్నం వార్చేలోపల నాకు జవాబు రావాలి.