కోల్డ్ స్టోరేజీలో జాకెట్ పరీక్ష

పార్సిల్ చేతికందగానే ఖాళీ పెట్టె పంపారేమో అనుకున్నాను. అంత తేలిగ్గా ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర నా మందుల షాపు కౌంటరు మీద పెట్టి విప్పితే, చిన్న సంచిలోంచి నారింజ రంగు జాకెట్ ఒకటి బయటపడి, చూస్తూండగానే నూనెలో పూరీలా పొంగింది. లోపల ఉన్నది బాతుల ఈకల కింద ఉండే మెత్తటి నూగట. మంచుకొండ మీద, గుడారంలో, రాత్రంతా మా అమ్మాయి ప్రాణాన్ని కాపాడాల్సింది అదేనట. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, అలాగే స్టూలు మీద కూలబడ్డాను.

నేను భయస్థుణ్ణి. ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. అమ్మాయి పుట్టిన దగ్గర్నుంచి కాలవ గట్లకి భయపడ్డాను, సర్కిల్లో లారీలకి భయపడ్డాను, డాబా మీద గాలిపటాలకి కూడా భయపడ్డాను. డిసెంబరు ఉదయాల్లో స్కూటరు మీద ట్యూషన్‌కి దింపేటప్పుడు దాని తలకి మంకీ క్యాప్ తొడిగి, దాని మీద మఫ్లర్ చుట్టేవాణ్ణి. మా విజయవాడలో ఆ మాత్రం చలికే మేం వణికిపోతాం. అలా పెంచిన పిల్ల చదువైపోయి, ఉద్యోగంలో చేరి, మే నెలలో మొదటి సెలవులకి హిమాలయాల్లో మంచు ఎక్కడం నేర్చుకుంటానంది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే కదా అన్నాను. మా ఆవిడ మాత్రం వెళ్ళనివ్వండి అని ఒక్కమాట అని తన పని తను చూసుకుంది. ఆవిడ ధైర్యం చూస్తే నాకు భయం ఇంకా ఎక్కువైంది.

వాదనలన్నీ అయిపోయాక నాకు జాకెట్ ఒక్కటే దొరికింది. ఆన్‌లైన్లో కొన్నది, లోపల ఉన్నవి ఈకలో చెత్తో ఎవరు చూశారు, గ్లూకోజు పొడిలోనే కల్తీ జరిగే రోజులు, అక్కడ అర్ధరాత్రి చలి ఆగకపోతే ఎవరికి ఫోన్ చేస్తావు అని పట్టుకున్నాను. అయితే పరీక్ష చేద్దాం అంది అమ్మాయి. మా బావమరిది పామర్రు దాటాక రొయ్యల కోల్డ్ స్టోరేజీ నడుపుతాడు. సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉండే గది అది. అందులో అరగంట కూర్చుంటాను, చలికి తట్టుకోలేకపోతే ప్రయాణం మానేస్తాను, తట్టుకుంటే నువ్వు ఇంక ఒక్క మాట కూడా మాట్లాడకూడదు అంది. సరేనన్నాను. ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకుని, జాకెట్ నకిలీది కావాలని కోరుకున్నాను.

ఏప్రిల్ ఆఖరు ఆదివారం అమ్మాయీ నేనూ వెళ్ళాం. దారి పొడుగునా కోతలూ మాసూళ్ళూ అయిపోయిన పొలాల్లో బాతుల మందలు తిరుగుతున్నాయి. వాటిని చూస్తే కూడా నాకు కోపం వచ్చింది. మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. బావమరిది, అతని భార్య గేటు దగ్గరే ఎదురొచ్చారు. జాకెట్ చూడగానే ఆవిడ, కొత్తబట్ట ఊరికే తొడుక్కోకూడదంటూ ఆఫీసు గదిలో దేవుడి పటం దగ్గరి నుంచి పసుపు తెచ్చి, లోపలి అంచుకి అద్దింది. తొడుక్కున్నాక పెద్దల కాళ్ళకి దండం పెట్టాలి కదా. మా అమ్మాయి ఆ ఎండలో, గొంతు దాకా జిప్పు లాక్కుని, నాకు, మామయ్యకి, అత్తకి, ఆఖరికి లెక్కలు చూసే పెద్దాయనకి కూడా వంగి వంగి దండాలు పెట్టింది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు వచ్చి తడిమి చూశారు. ఫోటోలు తీశారు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకి వీడియో కాల్లో అన్ని వైపులా తిప్పి చూపించారు. ఉక్కగా ఉంది తీసేస్తానని అది రెండుసార్లు అంటే, కట్టుకున్న కొత్తబట్ట వెంటనే విప్పకూడదమ్మా అని వాళ్ళత్త మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. నేనూ అవునన్నాను. పిల్ల మొహం చెమటతో మెరుస్తూంటే అందరం నవ్వుకున్నాం.

తర్వాత అది లోపలికి వెళ్ళింది. గోడంత మందాన ఉన్న తలుపు దాని వెనక పడింది.

లోపలి నుంచి తోస్తే తలుపు తెరుచుకుంటుందని బావమరిది ముందే చూపించాడు. అయినా నాకు నమ్మకం లేదు. అతని దగ్గర వాళ్ళ పద్ధతి ఒకటి ఉంది. లోపల మనిషి ఉన్నంతసేపూ బయట ఒకరు నిలబడి తలుపు మీద కొడుతూ ఉండాలి, లోపలివాళ్ళు తిరిగి కొట్టాలి. ఆ పని నేను చేస్తానన్నాను. కొట్టాను. లోపలి నుంచి గట్టిగా రెండు దెబ్బలు వినిపించాయి. కంప్రెసర్ల హోరు, అమ్మోనియా వాసన, బయట ఎండ, నా కాళ్ళ కింద తలుపు సందులోంచి పాకుతున్న తెల్లటి పొగ. మళ్ళీ కొట్టాను. దెబ్బలు వచ్చాయి. జాకెట్ నకిలీది కావాలని కోరుకున్న మనిషిని, ఇప్పుడు ఆ పిల్ల ఆ జాకెట్లోనే ఉందన్న సంగతి తలుపు పడ్డాక గాని నాకు తట్టలేదు.

మూడోసారో నాలుగోసారో కొట్టినప్పుడు జవాబు ఆలస్యంగా వచ్చింది. ఒక్క దెబ్బే, అదీ మెత్తగా.

తలుపు లాగి లోపలికి దూకాను. ఆ చలికి ఊపిరి అందలేదు, ముక్కు లోపల సూదులు గుచ్చినట్టైంది. రొయ్యల అట్టపెట్టెల వరస పక్కన అది మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. నాన్నా అనబోయింది గాని మాట సగంలో ముక్కలైంది. బావమరిదీ నేనూ చెరో రెక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చి ఆఫీసు గదిలో కూర్చోబెట్టాం. అరగంటలో సగం కూడా కాలేదు.

కాసేపటికి వణుకు తగ్గింది. తల ఎత్తకుండా, చాలా నెమ్మదిగా అంది.

"నువ్వు చెప్పిందే నిజం నాన్నా. ఇది పనికిరాదు. నేను వెళ్ళను."

నెల రోజులుగా ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాను. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను. వీపు రుద్దుదామని జాకెట్ జిప్పు తీసి చెయ్యి లోపలికి పెట్టాను. లోపలి కాటన్ టీషర్టు పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఆ తడి మంచుగడ్డలా చల్లగా నా అరచేతికి తగిలింది.

చెయ్యి అలాగే ఉండిపోయింది. జ్వరం పట్టిన పిల్లలకి తడిగుడ్డతో ఒళ్ళు తుడవండి, వేడి లాగేస్తుంది అని రోజూ కౌంటరు మీద నుంచి చెప్పేవాణ్ణి నేనే. ఎండలో దండాలు పెట్టించి, మజ్జిగ తాగించి, ఆ పిల్ల ఒంటిని చెమటలో నానబెట్టి, అలాగే తీసుకెళ్ళి మంచు గదిలో కూర్చోబెట్టాం. జాకెట్ ఏ పాపమూ ఎరగదు. ఈ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. బావమరిది అప్పటికే, ఈ ఆన్‌లైన్ సరుకంతా ఇంతేనండి బావగారు, వాపసు ఇచ్చెయ్యండి అంటున్నాడు. నేను నోరు మూసుకుంటే చాలు, మే నెలలో మా అమ్మాయి ఇంట్లో ఉంటుంది. మామిడిపళ్ళు తింటూ, నాతో పోట్లాడుతూ, నా కళ్ళ ముందు ఉంటుంది.

మూసుకునేవాణ్ణే. కాని వచ్చే ఏడో, ఆ పై ఏడో, ఇంకో జాకెట్ కొనుక్కుని, నాకు చెప్పకుండా, వెళ్ళనే వెళుతుంది. అది నా కూతురైనా మొండితనంలో వాళ్ళమ్మ పోలిక. అక్కడ బరువు మోస్తూ కొండెక్కి, చెమటతో తడిసి, ఆ తడి మీదే జాకెట్ బిగించుకుని పడుకుంటుంది. అప్పుడు దాని వీపు మీద చెయ్యి వేసి చూసేవాళ్ళెవరూ ఉండరు.

"జాకెట్ తప్పు కాదమ్మా," అన్నాను. "నువ్వు తడిసిపోయి ఉన్నావు. తడి ఒంటి మీద ఏది తొడిగినా చలి ఆగదు. ఆరాక మళ్ళీ వెళ్ళు."

అది తల ఎత్తి నా మొహంలోకి చూసింది. లేచి జాకెట్ విప్పింది.

జాకెట్‌ని తిరగేసి ఫ్యాను కింద వేశాం. అమ్మాయి స్నానం చేసి, ఒళ్ళు పొడిగా తుడుచుకుని, వాళ్ళ మామయ్య పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. పొద్దు వాలేదాకా కాచుకున్నాం. ఈసారి జాకెట్‌ని తలుపు దగ్గర, చల్లటి ముందు గదిలోనే తొడుక్కుంది. దండాలూ ఫోటోలూ ఏవీ లేవు. తలుపు పడింది. కొట్టాను. రెండు దెబ్బలు. మళ్ళీ కొట్టాను. రెండు దెబ్బలు, గట్టిగా. ఆగలేక వెంటవెంటనే కొడుతూంటే, లోపలి నుంచి విసుగ్గా దబదబ బాదింది. ఆ విసుగు వింటూంటే ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే కిందికి జారిపోయింది. ప్రతి దెబ్బతోనూ మే నెల దగ్గరికి వచ్చేస్తోంది.

అరగంట అయిందని బావమరిది తలుపు తీశాడు. కనుబొమల మీద సన్నటి మంచుపొడితో, నవ్వుతూ బయటికి వచ్చింది. జేబులోంచి చెయ్యి తీసి నా చేతిని పట్టుకుంది.

"చూడు నాన్నా."

దాని అరచెయ్యి వెచ్చగా ఉంది. అన్నం గిన్నె మూతలా వెచ్చగా ఉంది. ఇక ఒక్క మాట కూడా మాట్లాడనని నేను ఒప్పుకున్నాను కాబట్టి, ఏమీ మాట్లాడకుండా, ఆ వెచ్చటి చేతిని పట్టుకుని వణుకుతూ నిలబడ్డాను.