చెరిపేసిన చప్పట్లు

మా ఆయనకిష్టమైన రాక్ లైవ్ ఆల్బమ్ ఇవాళ కార్లో మోగుతుంటే, ఆ జనం హోరుకి నాకు ఒళ్లు మండిపోయింది.

నా చిన్నప్పుడు, సీడీలొచ్చేసినా మా కొల్లేటి ఊళ్లో ఇంకా క్యాసెట్లే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చర్చిలో అమ్మ పాడే క్రిస్మస్ పాటని నాన్న టేపురికార్డర్లో ఎక్కిస్తున్నాడు. అన్నయ్య దగ్గరున్న ఇంగ్లీషు లైవ్ క్యాసెట్లు విని, జనం అరవకపోతే అది రికార్డింగే కాదనుకునేదాన్ని. అందుకే పాట అవగానే బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టి, ఈలేసి, "వన్స్ మోర్!" అని అరిచాను. మా చర్చిలో పాటయ్యాక "ఆమెన్" తప్ప ఇంకో మాట వినపడకూడదు.

"ఏవండీ మాస్టారూ, ఆడపిల్లకి ఈలలు నేర్పారా?" అన్నారు సంఘపెద్ద.

నాన్న అందరిముందూ నా చెంప పగలగొట్టాడు. "క్షమించండి, చెరిపేసి మళ్లీ ఎక్కిస్తానండీ" అన్నాడు.

 అమ్మ నన్ను పక్కన నిలబెట్టుకుని, మణికట్టు నొప్పెట్టేలా పట్టుకుని రెండోసారి పాడింది. నామీదే కోపమనుకున్నాను.

ఆ క్యాసెట్ ఇప్పటికీ ఉంది. అమ్మ గొంతులో వణుకు విని, ఎంత భక్తో అంటారు మావాళ్లు. భక్తా, పాడా! పాడినంతసేపూ అమ్మ శిలువ వైపు చూడనే లేదు. రెప్ప వాల్చకుండా నాన్ననే చూసింది.