బిక్షపతి హోటల్ ఇంగ్లీషు

బిక్షపతికి కోపం ముక్కు మీదే ఉంటుంది. సూరత్‌లో అతను కాపురముండే లింబాయత్ గల్లీలో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. కూరలో ఉప్పు తగ్గిందని భార్యతో అన్నా సరే, పక్కింటివాళ్లు తలుపు తీసి తొంగిచూస్తారు. కొట్లాట కాదు మహాప్రభో, అతని మాటే అంత!

మరి ఎందుకుండదు? మీసం మొలవకముందే సిరిసిల్ల పక్క పల్లె నుంచి బండెక్కి వచ్చి సాంచాల మధ్య పడ్డాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఆ షెడ్డులో మామూలు గొంతుతో మాట్లాడితే పక్కనున్నవాడికి కూడా వినబడదు. దగ్గరుంటే చెవిలో నోరు పెట్టి అరవాలి, దూరంగా ఉంటే పెదాలు కదిపితే చాలు. పోగు తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా, సేఠ్ వస్తున్నాడన్నా అవతలివాడు మూతి చూసి తెలుసుకుంటాడు. అలా అరిచీ, మూతులు చూసీ బిక్షపతి జోల్వాలోని ఓంప్రకాష్ సేఠ్ కార్ఖానాలో మాస్టర్ అయ్యాడు. మగ్గం మొరాయిస్తే దాన్ని దారికి తెచ్చే పని అతనిది.

ఈ ఏడు సేఠ్ పాత మగ్గాలన్నీ తీసేసి చైనా నుంచి కొత్తవి తెప్పిస్తానన్నాడు. అమ్మే కంపెనీవాళ్లు ఒక మనిషిని పంపితే అక్కడే పని నేర్పిస్తామన్నారట. రెండు వారాలు హోటల్‌లో బస. వెళ్లి నేర్చుకొచ్చినవాడే కొత్త మగ్గాలకు మాస్టర్. వెళ్లనివాడి గతి ఏమిటో ఎవరూ పైకి అనలేదు కానీ, పాత ఇనుము ఎక్కడికి పోతుందో వాడూ అక్కడికే అని షెడ్డులో అందరికీ అర్థమైంది. ఈ వయసులో ఇంకో కార్ఖానా గేటు ముందు నిలబడి పని అడగడమంటే బిక్షపతికి చచ్చేంత నామోషీ.

"నువ్వే వెళ్లు మాస్టర్. కానీ అక్కడ హిందీ నడవదు. ఇంగ్లీషు నేర్చుకో, హోటల్‌లో నా పరువు తీయకు," అన్నాడు సేఠ్.

పరువట! అతని బట్ట ఒక్క మీటరు వెనక్కి రాకుండా చూసినవాడి వల్ల పరువు పోతుందట! బిక్షపతికి ఒళ్లు మండింది. మండినా డ్యూటీ దిగి ఆల్థాన్‌లో వినోద్ సార్ నడిపే క్లాసుకు వెళ్లాడు. ఆ వినోద్ నున్నగా గడ్డం గీసుకుని, ప్రతి మాటకూ నవ్వు అతికించి చెప్పేవాడు. గది బుక్ చేసి ఉంటే ఐ హావ్ ఎ రిజర్వేషన్. తువ్వాలు కావాలంటే కుడ్ ఐ హావ్ ఎ టవల్, ప్లీజ్. వేణ్నీళ్లు రాకపోతే సారీ టు ట్రబుల్ యూ, దేర్ ఈజ్ నో హాట్ వాటర్.

"నీళ్లు రాకపోతే తప్పు ఓటల్‌వోనిది. నేనెందుకు సారీ చెప్పాలె?" అని ఇంటికొచ్చి కూతురి మీద విరుచుకుపడ్డాడు.

"గదే మర్యాద నాన్నా," అంది హారతి. ఆ పిల్ల పుట్టింది, పెరిగింది ఇక్కడే. "ఔర్ జర ధీరే బోలో నా! గట్ల ఒర్లితె ఓటలోళ్లు పోలీసులకు ఫోన్ చేస్తరు."

"నేనేడ ఒర్లుతున్న?" అని అతను ఒర్లాడు.

అయినా పట్టు వదల్లేదు. మగ్గాల మధ్య తిరుగుతూ, చేతిలో పానా పట్టుకుని, టవల్ ప్లీజ్, బ్రేక్‌ఫాస్ట్ ప్లీజ్ అంటూ గొంతెత్తి వల్లెవేశాడు. అతని చేతికింద పని నేర్చుకున్న పరమేశ్ అతని మూతి చూసి పడీపడీ నవ్వేవాడు. పరమేశ్ వరసకు మేనల్లుడు, ఇంకా ముప్పై దాటనివాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు బిక్షపతి. వాక్యాలన్నీ కంఠతా వచ్చేశాయి.

చివరికి సేఠ్ పరీక్ష చూస్తానన్నాడు. షెడ్డు పక్కనే అతని అద్దాల క్యాబిన్. సేఠ్ టేబుల్‌నే హోటల్ కౌంటరు చేసుకుని, వినోద్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బిక్షపతి సంచీ భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు.

"గుడ్ ఈవినింగ్! ఐ హావ్ ఎ రిజర్వేషన్!"

సేఠ్ చేతిలో చాయ్ ఒలికింది. వినోద్ చెవులు మూసుకుని, "ధీరే, మాస్టర్‌జీ, ధీరే! ఇది హోటల్, బజారు కాదు," అని ఇకిలించాడు. బిక్షపతి గొంతు తగ్గించాననుకుని మళ్లీ అన్నాడు. వినోద్ మళ్లీ ఇకిలించాడు. ఎంత తగ్గిందో, అసలు తగ్గిందో లేదో అతనికెలా తెలుస్తుంది?

ఆపైన వినోద్ తల వంచి, కంప్యూటర్ చూస్తూ ఏదో అడిగాడు. బిక్షపతి నిలబడే ఉన్నాడు. వినోద్ ఇంకోసారి అడిగాడు. అతను కదల్లేదు. అప్పుడు వినోద్ తల ఎత్తి, "చూశారా సేఠ్‌జీ, బట్టీ పట్టాడు. అడిగితే ఒక్కటీ అర్థం కాదు," అన్నాడు.

"అర్థం గాకపోవుడేంది? మొఖం లేపి మాట్లాడు! కంప్యూటర్‌ల మూతి పెట్టి మాట్లాడితే నాకెట్ల తెలుస్తది?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఇంతకాలం ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఒప్పుకోని సంగతి, కోపంలో తన నోటితోనే బయటపడింది. సేఠ్ గ్లాసు కింద పెట్టి అతన్ని ఎగాదిగా చూసి, కాసేపు బయట ఉండమని చేయి ఊపాడు.

బయటికొచ్చి షెడ్డులో నిలబడ్డాడు. అద్దం వెనక సేఠ్ వినోద్ వైపు తిరిగాడు. తలుపు మూసుంది, ఇవతల మగ్గాల మోత. ఎవడికి వినబడుతుందిలే అనుకున్నాడేమో, సేఠ్ నింపాదిగా మాట్లాడాడు. బిక్షపతి ఆ పెదాలను చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట పొల్లుపోలేదు. చెవులు పోయాయి వీడికి. పరమేశ్‌ను పంపుదాం, కుర్రాడు, చెవులు బాగున్నాయి. పాత మగ్గాలతో పాటే వీణ్ణీ వదిలించుకుంటా. దివాళీ దాకా చెప్పొద్దు, చెబితే పని ఎగ్గొడతాడు.

అతని నెత్తురు మరిగింది. తలుపు తోసుకుంటూ లోపలికి దూసుకుపోయాడు.

"దివాళీ దాకా ఎందుకు దాస్తవు సేఠ్? గిప్పుడే చెప్పరాదూ!"

సేఠ్ ముఖం పాలిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"నీ మూతే చెప్పింది. నీ కార్ఖానల నేర్చిన విద్యే ఇది. నా చెవులు మా ఊర్లనే పాడై వచ్చినయా? నీ సాంచాల కాడ పోయినయ్! ఒక్కనాడన్న చెవుల పెట్టుకోమని ఇంత దూది ఇచ్చినవా? ఇప్పుడు చెవిటోడంటవా, సిగ్గు లేదూ?"

సేఠ్ తేరుకున్నాడు. "గొంతు తగ్గించు. ఇంతమంది పనిచేస్తున్నారు, ఎవరికీ లేని చెవుడు నీకొక్కడికే వచ్చిందా? వయసు మీద పడింది, అంతే. మగ్గాల మీదికి నెట్టకు."

బిక్షపతి వెనుదిరిగాడు. చరచరా షెడ్డులోకి నడిచి, చెయ్యెత్తి, పెదాలు మాత్రం కదిపాడు. సాంచాలు ఆపుండ్రి. అద్దంలోంచి అందరూ ఆ గొడవంతా చూశారు, చూశారంటే విన్నట్టే. ఒకటి తరువాత ఒకటి మగ్గాలు ఆగిపోయాయి. పగటిపూట ఆ షెడ్డులో మోత అంతలా తగ్గడం కొత్తవాళ్లెవరూ ఎరగరు. సేఠ్ పరుగున తలుపు దగ్గరికొచ్చాడు.

చివరి వరసలో మాత్రం ఒక్క మగ్గం టకటకా ఆడుతూనే ఉంది. పరమేశ్‌ది. అటు తిరిగి, వంగి పోగు ముడి వేస్తున్నాడు. అది బిక్షపతి కంటబడింది. ఓరి దొంగ! చైనా కబురు అప్పుడే అందిందన్నమాట. పని నేర్పిన మామ నడిరోడ్డున పడుతుంటే తల తిప్పుకున్నాడన్నమాట!

"ఒరేయ్ పరమేశ్!"

గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా ఉలిక్కిపడ్డాడు. పక్క మగ్గం నడిపే ముసలి సాంబయ్య అదిరిపడి ఇటు తిరిగాడు. పరమేశ్ తిరగలేదు. బిక్షపతి పళ్లు కొరుకుతూ వెళ్లి, వాడి వీపు మీద ఒక్కటివ్వాలని చెయ్యెత్తాడు. సాంబయ్య ఆ చేయి పట్టుకుని, అతని కళ్లలోకి చూస్తూ అన్నాడు.

"కొట్టకు మాస్టర్. వానికి వినబడక యాడాదాయె. ఎవలికీ చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టించుకున్నడు."

ఏడాదిగా ఆ మామా అల్లుళ్లిద్దరూ ఒకరి మూతి ఒకరు చూసుకుని మాట్లాడుకుంటున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియనే లేదు. బిక్షపతి చేయి దించి, మగ్గం స్విచ్ కట్టేశాడు.

పరమేశ్ తల ఎత్తాడు. బిక్షపతి ముఖం చూసి, ఆగిపోయిన మగ్గాలు చూసి, షెడ్డు దద్దరిల్లేలా అరిచాడు.

"ఏమైంది మామా? కరెంటు పోయిందా?"

సేఠ్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. బిక్షపతి అతనివైపు తిరిగాడు.

"పంపు సేఠ్, చైనాకు పంపు. వీనికి చెవులు మంచిగున్నయన్నవు గదా."