అన్నమ్మ తల్లికి జసీరా పాదాలు

కషుయేరా చర్చిలో పెట్టే కొత్త పటం కోసం జసీరా వేసవంతా నిలబడింది. బొమ్మలు వేసేవాళ్ళ ముందు కదలకుండా నిలబడడమే ఆవిడ బతుకుతెరువు. ఎవరిస్తు మాస్టారి బళ్ళో బొమ్మలు నేర్చుకునేవాళ్ళు ఆవిణ్ణి చూసి గీసే చెయ్యి తిరిగినవాళ్ళు. అదీ ఒక పనేనా అని నవ్వేవాళ్ళతో, "ఒక్క పూట నిలబడి చూడండి, తెలుస్తుంది" అనేది.

ఈసారి మాత్రం వీధంతా చెప్పుకుంది. పునీత అన్నమ్మ తల్లిని తమలాగే నల్లగా వేస్తానని మాస్టారు మాటిచ్చాడు మరి. జసీరాకి అసలు ఆశ మనవరాలు జురేమా కోసం. ముక్కు సన్నబడాలని ఆ పిల్ల బట్టల క్లిప్పు పెట్టుకు కూచుంటోంది. గుళ్ళో తల్లికే మన మొహం ఉంటే ఇక మానేస్తుందిలే అనుకుంది.

పండగనాడు తెర తీశారు. తల్లి నల్లగానే ఉంది. ముక్కు మాత్రం కోటేరేసినట్టుంది, పెదాలు గీత గీసినట్టున్నాయి. ఆ బళ్ళో అలవాటు అది: ఒళ్ళు మనిషిని చూసి వేస్తారు, మొహం బీరువా మీదుండే దొరసాని సున్నపు బొమ్మ తలని చూసి వేస్తారు. మాస్టారు మాటిచ్చింది రంగు వరకే.

"ఇందులో నువ్వెక్కడున్నావు వదినా?" అంది పక్కింటి ఫిలో.

"కింద చూడు."

"అవునే, బొటనవేలి పక్క ఆ బుడిపె నీదే." అంతలోనే ఆడవాళ్ళు వరస కట్టి తల్లి పాదాలు ముద్దుపెట్టుకోవడం మొదలెట్టారు. ఫిలో నిట్టూర్చింది. "నీ కాళ్ళకి మొక్కే రోజొచ్చింది నాకు. కడుక్కునైనా నిలబడ్డావా?"

జసీరాకి నవ్వు రాలేదు. జురేమా తల ఎత్తి పటాన్నే చూస్తోంది.

"అమ్మమ్మా, ఈవిడ చిన్నప్పుడు క్లిప్పు పెట్టుకునే ఉంటుంది."

ఊరేగింపు కదిలాక, తలుపు దగ్గర జసీరా మాస్టారికి అడ్డం నిలబడింది.

"నా ముక్కేం చేశారు మాస్టారూ?"

"తల్లి కదా జసీరా, కాస్త అందంగా..." అని, అన్న మాట తనకే వినబడి, పాపం, చెవులదాకా ఎర్రబడ్డాడు. టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "దిద్దుతాను. రేపొస్తావా?"

"వస్తాను. పిల్లనీ తెస్తాను. దాని కళ్ళెదుటే వెయ్యండి."

"ఆ సున్నపు తలకి అలవాటుపడిన చెయ్యి. ఎన్నాళ్ళు పడుతుందో."

"పట్టనివ్వండి. కుర్చీ ఒకటి వేయించండి. నిలబడే ఓపిక లేదిక."